డెల్టా పరీక్ష: ఒక హెపటైటిస్ బి క్యారియర్ వాదన

1998లో కాకినాడలో చదువుకుంటున్నప్పుడు, మా కాలేజీలో పెట్టిన రక్తదాన శిబిరంలో నేను మొదటిసారి రక్తం ఇచ్చాను. మూడు వారాల తరువాత బ్లడ్ బ్యాంకు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. నా పేరు పక్కన "హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్" అని, అంటే ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉందని రాసి, ఇకమీదట రక్తదానం చేయవద్దని, ఒకసారి డాక్టరును కలవమని అందులో సూచించారు. ఆ ఉత్తరం ఇంటికి తీసుకువెళ్లి చూపిస్తే మా నాన్నగారు చదివి, "బి పాజిటివే కదా, మీ అమ్మదీ అదే గ్రూపు" అని తిరిగి నా చేతికిచ్చేశారు. బ్లడ్ గ్రూపుకూ ఈ జబ్బుకూ మధ్య ఉన్న ఈ పేరు తికమక ఎన్ని ఇళ్లలో ఎందరిని ఏళ్ల తరబడి వైద్యానికి దూరం చేసిందో చెప్పలేను. మా ఇంట్లో మాత్రం అది రెండేళ్లు మింగేసింది.

రెండేళ్ల తరువాత ఇంటిల్లిపాదికీ పరీక్ష చేయిస్తే అమ్మకూ, నాకూ, చెల్లెలికీ పాజిటివ్ అని వచ్చింది, నాన్నగారికి రాలేదు. కాన్పు సమయంలో అమ్మ నుంచే మా ఇద్దరికీ వచ్చి ఉంటుందని డాక్టరుగారు చెప్పారు. మేము పుట్టిన రోజుల్లో పసిబిడ్డకు వెంటనే వేయడానికి టీకా అనేదే లేదు, కాబట్టి ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి ఏమీ లేదు. "మీరు క్యారియర్లు, జబ్బు నిద్రపోతోంది, ఆరు నెలలకోసారి లివర్ పరీక్ష చేయించుకోండి చాలు" అన్నారు. మేము అలాగే చేయించుకుంటూ వచ్చాము. ఊళ్లు మారాయి, డాక్టర్లు మారారు, ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము), వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు), స్కానింగ్, ఫైబ్రోస్కాన్ అంటూ మా ఫైళ్లు లావెక్కాయి. ఇరవై నాలుగేళ్ల ఆ కాగితాలలో ఎక్కడా "డెల్టా" అనే మాట, అంటే బి ఉన్నవారి కాలేయంలోనే బతకగల మరో వైరస్ పేరు, లేదు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెపటైటిస్ బి మీద కొత్త మార్గదర్శకాలు విడుదల చేసినప్పుడు, వాటి గురించి చదువుతూ, నా శరీరానికి నేరుగా సంబంధించిన ఆ మాటను నేను మొదటిసారి చూశాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ అని తేలిన ప్రతి మనిషికీ, అదే రక్తపు నమూనా మీద, హెపటైటిస్ డెల్టా పరీక్ష జీవితంలో కనీసం ఒక్కసారి దానంతట అదే జరిగిపోవాలి. డాక్టరుకు అనుమానం వచ్చిందా, రోగి అడిగాడా, కుటుంబానికి స్తోమత ఉందా అనే ప్రశ్నల మీద అది ఆధారపడకూడదు.

డెల్టాను కనిపెట్టిన తీరే ఈ వాదనకు సగం బలం. 1970లలో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో మారియో రిజెట్టో అనే యువ వైద్యుడు హెపటైటిస్ బి రోగుల కాలేయపు ముక్కలకు వెలుగునిచ్చే రంగులు పట్టించి సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తున్నాడు. కొందరి కాలేయ కణాల కేంద్రకాలలో ఒక వెలుగు కనిపించింది. అది అప్పటికి తెలిసిన బి వైరస్ భాగాలలో దేనితోనూ సరిపోలేదు. 1977లో ఆయన ఈ సంగతి ప్రకటించి, ఆ కొత్త పదార్థానికి డెల్టా అని పేరు పెట్టాడు. అప్పటికి అందరూ దానిని బి వైరస్‌లోనే ఇంతవరకు కంటపడని మరో భాగమనుకున్నారు. ఆ తరువాత అమెరికా ప్రయోగశాలలతో కలిసి చింపాంజీల మీద చేసిన ప్రయోగాలతోనే అది వేరే వైరస్ అని, అయితే బి లేనిదే బతకలేదని రుజువైంది. అప్పటికే ఎన్నో తరాలుగా మనుషుల కాలేయాలలో ఉన్న ఒక ప్రాణాంతక వైరస్, ప్రత్యేకించి వెతికిన మనిషికి తప్ప ఎవరికీ కనిపించలేదు. ఇప్పటికీ దాని సంగతి అంతే.

దాని నిర్మాణం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వైద్యంలో వచ్చే చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి. బి వైరస్ జన్యుపదార్థం సుమారు 3,200 అక్షరాల పొడవుంటే, డెల్టాది దాదాపు 1,700 అక్షరాలే. మనుషులకు సోకే వైరస్‌లలో ఇంతకన్నా చిన్న జన్యుపదార్థం ఉన్నది లేదు. ఉంగరంలా చుట్టుకున్న ఒక ఆర్‌ఎన్‌ఏ పోగు, దానిని అంటిపెట్టుకున్న ఒకే ఒక్క రకం ప్రోటీను, అంతే దాని ఆస్తి. తన నకళ్లు తీసుకోవడానికి అది మన కణంలోని యంత్రాంగాన్నే వాడుకుంటుంది. ఈ పోకడ మొక్కలకు వచ్చే వైరాయిడ్లది. కొబ్బరిచెట్ల మధ్య పుట్టి పెరిగినవాడిని కాబట్టి, ఫిలిప్పీన్స్‌లో కోట్ల కొబ్బరిచెట్లను చంపిన కడాంగ్ కడాంగ్ తెగులు ఇలాంటి ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ఉంగరం చేసిన పనేనని చదివినప్పుడు నేను చాలాసేపు ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను.

ఇంత చిన్న వైరస్‌కు సొంత పైతొడుగు కూడా లేదు. కణం నుంచి బయటపడి మరో కణంలోకి దూరాలంటే దానికి ఒక చొక్కా కావాలి, ఆ చొక్కాను అది బి వైరస్ దగ్గర తెచ్చుకుంటుంది. ఆ చొక్కా పేరే హెచ్‌బీఎస్ఏజీ. బరూక్ బ్లూమ్‌బర్గ్ 1960లలో కనిపెట్టిన ప్రోటీను అదే, 1976లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చినది ఆ పరిశోధనకే. నా 1998 నాటి ఉత్తరంలో రాసి ఉన్నదీ, టీకాలో ఉండేదీ కూడా అదే. అంటే నా రక్తంలో ఆ ప్రోటీను ఉందని తేల్చిన రోజునే, డెల్టా వచ్చి బతకడానికి కావలసిన వసతి నా ఒంట్లో సిద్ధంగా ఉందని కూడా తేలినట్టు. ఆ రెండో సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

డెల్టా రెండు రకాలుగా వస్తుంది. బి, డెల్టా రెండూ ఒకేసారి సోకితే తీవ్రమైన కామెర్లు రావచ్చుగానీ, పెద్దవాళ్లలో ఎక్కువమంది శరీరం రెండింటినీ తరిమేస్తుంది. అప్పటికే బి ఉన్న మనిషికి డెల్టా తరువాత సోకితే కథ వేరు, ఎక్కువమందిలో అది ఒంట్లోనే స్థిరపడిపోతుంది. మా వంటి క్యారియర్లకు వర్తించేది ఈ రెండోదే. 1979 నుంచి 1981 వరకు వెనిజులాలో యుక్పా అనే ఆదివాసీ ప్రజల మధ్య కామెర్లు చెలరేగి 34 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది పిల్లలు, యువకులు. బి వైరస్ ముందే ఇళ్లలో ఉన్న సమాజంలోకి డెల్టా ప్రవేశించడం వల్ల అది జరిగిందని రక్తపరీక్షల్లో తేలింది. అంత తీవ్రంగా కాకపోయినా, నెమ్మదిగా సాగే డెల్టా కూడా కాలేయాన్ని బి ఒక్కటే ఉన్నప్పటికన్నా దాదాపు పదేళ్లు ముందుగా సిరోసిస్ (కాలేయం గట్టిపడి పాడైపోవడం) దాకా తీసుకుపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2025లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ డెల్టాను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటిలో చేర్చింది. బి ఒక్కటే ఉన్నవారితో పోలిస్తే కాలేయ క్యాన్సర్ ముప్పు రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వస్తాను. డెల్టా వచ్చి చేరాక చాలామందిలో బి వైరస్‌ను అణచిపెడుతుంది. దాంతో బి వైరల్ లోడ్ తగ్గిపోతుంది, ఒక్కోసారి లెక్కకు అందనంత తక్కువకు పడిపోతుంది. వైరల్ లోడ్ తక్కువ ఉంటే రోగికీ డాక్టరుకూ ఇద్దరికీ ధైర్యం వస్తుంది. మా చెల్లెలి ఫైలు ఇందుకు ఉదాహరణ అవునో కాదో ఇంకా తేలలేదు గానీ, ఆ ఫైలు చూసినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తుకొస్తుంది. ఆమె వైరల్ లోడ్ ఏళ్లుగా కొన్ని వందలు దాటలేదు. ఎస్‌జీపీటీ మాత్రం తొంభైకీ నూట ఇరవైకీ మధ్య తిరుగుతూనే ఉంది. షుగరు లేదు, ఒళ్లు లేదు, మందు వాసన తెలియని మనిషి. అయినా రెండుచోట్ల "ఫ్యాటీ లివర్ అయి ఉంటుందమ్మా, నడక పెంచండి, నూనె తగ్గించండి" అని పంపించారు. ఆమె నడక పెంచింది, నూనె తగ్గించింది. ఎస్‌జీపీటీ తగ్గలేదు. వైరస్ పనిచేయడం లేదని కాగితం చెబుతుంటే కాలేయం ఎందుకు దెబ్బతింటోందని అడగవలసినచోట, ఆ ప్రశ్నకు ఒక తేలిక సమాధానం అందుబాటులో ఉండడం వల్ల ఎవరూ అడగలేదు. ఫ్యాటీ లివర్ నిజంగానే మన దగ్గర విపరీతంగా ఉంది, అందుకే దాని వెనక ఇంకేదైనా దాక్కోవడం సులువు.

వైరల్ లోడ్ ఎక్కువున్నవారికి ఇచ్చే టెనోఫోవిర్ మాత్ర విషయంలోనూ ఇదే పొరపాటు జరగవచ్చు. అది బి వైరస్ తన జన్యుపదార్థాన్ని రాసుకునే ఎంజైమును అడ్డుకుంటుంది. డెల్టాకు ఆ ఎంజైముతో పనే లేదు, దానికి కావలసింది చొక్కా మాత్రమే. మాత్ర వేసుకుంటున్నా హెచ్‌బీఎస్ఏజీ తయారవుతూనే ఉంటుంది కాబట్టి డెల్టాకు లోటేమీ రాదు. బి కోసం ఆ మందు ఎంతో మంచిది, నేనూ వాడుతున్నాను. అయితే డెల్టా కూడా ఉన్న మనిషి ఆ మాత్ర ఒక్కదాన్నే నమ్ముకుని ఏళ్లు గడపడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

"మన దేశంలో డెల్టా అరుదు, ప్రతివాళ్లకూ ఎందుకు?" అనే ప్రశ్న నాకు ముగ్గురు డాక్టర్ల దగ్గర ఎదురైంది. ఆ ప్రశ్నలో నిజాయితీ ఉంది, దానిని నేను తేలిగ్గా తీసిపారేయను. మంగోలియాలో హెపటైటిస్ బి ఉన్నవారిలో సగానికి పైగా డెల్టా ఉంది, కాలేయ క్యాన్సర్‌లో ఆ దేశానిదే ప్రపంచంలో మొదటి స్థానం. మాల్డోవా, రొమేనియా, పాకిస్తాన్‌లోని కొన్ని ప్రాంతాలు, పశ్చిమ ఆఫ్రికా, అమెజాన్ నదీ ప్రాంతం కూడా డెల్టా ఎక్కువున్న చోట్లే. భారతదేశం ఆ వరుసలో లేదు. ఇక్కడి ఆసుపత్రుల్లో అప్పుడప్పుడు జరిగిన చిన్నచిన్న అధ్యయనాలు చాలావరకు తక్కువ శాతాలనే చూపించాయి.

అయితే శాతం ఒక్కటే చూస్తే సరిపోదు, దేని మీద శాతమో కూడా చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022 నాటికి భారతదేశంలో హెపటైటిస్ బి ఉన్నవారు 2.98 కోట్ల మంది, చైనా తరువాత మనమే. వారిలో నూటికి ఒక్కరికే డెల్టా ఉందనుకుందాం, కేవలం లెక్క కోసమే అనుకుందాం, అప్పుడు కూడా దాదాపు మూడు లక్షల మంది అవుతారు. మూడు లక్షల మందికి ఉన్న జబ్బును అరుదు అనే మాటతో పక్కన పెట్టగలమా? పైగా ఆ చిన్న అధ్యయనాలు జరిగినవి పెద్ద ఆసుపత్రుల్లో, అక్కడిదాకా రాగలిగిన రోగుల మీద. పరీక్ష చేయనిచోట జబ్బు లెక్కల్లోకి రాదు, లెక్కల్లో లేదు కాబట్టి పరీక్ష అవసరం లేదంటున్నాము. ఈ చక్రం ఎక్కడో ఒకచోట తెగాలి. స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఒక పెద్ద ఆసుపత్రి హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ వచ్చిన ప్రతి నమూనాకూ ప్రయోగశాలలోనే డెల్టా పరీక్ష జోడించినప్పుడు, బయటపడిన డెల్టా రోగుల సంఖ్య సుమారు అయిదు రెట్లు పెరిగింది. ఆ రోగులు కొత్తగా పుట్టుకొచ్చినవారు కాదు, అంతకుముందు కూడా అదే ఆసుపత్రి పరిధిలో తిరుగుతున్నవారే.

ముప్పు ఎక్కువున్నవారికి మాత్రమే చేద్దామనేది మధ్యేమార్గం. అందరికీ చేయడం సాధ్యం కానిచోట ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే సూచించింది. సూదులతో మత్తుమందులు తీసుకునేవారు, డయాలసిస్ రోగులు, హెచ్‌ఐవీ లేదా హెపటైటిస్ సి ఉన్నవారు, కాలేయం బాగా దెబ్బతిన్నవారు ఆ జాబితాలో ఉన్నారు. కాగితం మీద ఇది సబబుగానే ఉంది. మన ఊళ్లలో ఇది ఎలా అమలవుతుందో నేను ఊహించగలను. డెల్టా సోకేది రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా. ఈ రెండింటి గురించీ ఓపీ గదిలో, పక్కన అత్తగారో బావమరిదో నిలబడి ఉండగా, నిజం చెప్పే మనిషి ఎవరు? చెప్పదలచుకున్నా, చాలామందికి తమ ముప్పు ఏమిటో తెలియదు. జ్వరం వస్తే ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్లి సూది మందు వేయించుకోవడం, సూది వేయకపోతే డాక్టరు సరిగా చూడలేదని అనుకోవడం మా చిన్నతనంలో ప్రతి ఇంటి అలవాటు. స్టీలు డబ్బాలో మరిగే నీళ్లలో గాజు సిరంజీలు తేలుతుండేవి, ఒకరికి వాడినది కాసేపటికి మరొకరికి. ఆ సూదులకు ఏ ఫైలూ లేదు. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో, వాడిన సిరంజీలనే మళ్లీ వాడడం వల్ల హెపటైటిస్ బి వ్యాపించి పదుల సంఖ్యలో చనిపోయారు. చనిపోయినవారు చేసిందల్లా మామూలు వైద్యానికి వెళ్లడమే.

గల్ఫ్‌కు వెళ్లేవారి సంగతి నన్ను మరీ బాధపెడుతుంది. జగిత్యాల, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కో సౌదీకో బయలుదేరేవారిలో ఎందరికో తమ ఒంట్లో బి ఉందని తెలిసేది వీసా కోసం చేసే మెడికల్‌లోనే. అప్పుచేసి ఏజెంటుకు డబ్బు కట్టినవాడికి "అన్‌ఫిట్" అనే ఒక్క మాట చేతికి వస్తుంది. అది జబ్బు పేరు కాదు, వైద్య సలహా కూడా కాదు. అతను ఊరికి తిరిగివచ్చి, సిగ్గుతో ఎవరికీ చెప్పుకోకుండా, కామెర్లకు పసరు పోసేవారి దగ్గరకో, చేతి మీద వాత పెట్టేవారి దగ్గరకో వెళతాడు. అతని రక్తం ఒక ప్రయోగశాల బల్ల మీద ఉన్న ఆ గంటలోనే డెల్టా పరీక్ష కూడా చేసి, ఒక లివర్ డాక్టరు చిరునామా చేతిలో పెట్టి పంపే ఏర్పాటు ఉంటే, ఆ "అన్‌ఫిట్" కాగితం అతని ప్రాణానికి కాస్తయినా పనికివచ్చేది.

పసరు మాట వచ్చింది కాబట్టి నేల ఉసిరి గురించి ఒక మాట. మద్రాసు పరిశోధకులు సాక్షాత్తు బ్లూమ్‌బర్గ్‌తో కలిసి 1988లో లాన్సెట్ పత్రికలో, నేల ఉసిరి బి క్యారియర్లకు మేలు చేస్తోందని రాశారు. మా అమ్మ ఆ మొక్కను నూరి మాకు మజ్జిగలో ఇచ్చేది కాబట్టి ఆ సంగతి తెలిసినప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది. తరువాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. అమ్మ చేతి మీద గౌరవంతోనే చెబుతున్నాను, దానిని నమ్ముకుని పరీక్షలు మానకండి.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. "తెలిసి ఏం చేస్తారు? మందు లేదు కదా!" అంటారు. మందు పూర్తిగా లేదనడం సరికాదు. పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్ సూదులు దాదాపు ఏడాదిపాటు ఇస్తే, నలుగురిలో ఒకరికి డెల్టా అదుపులోకి వస్తుంది. దుష్ప్రభావాలు ఎక్కువ, కొందరిలో మళ్లీ తిరగబెడుతుంది, అయినా అది ఒక అవకాశం. 2012లో బీజింగ్‌లోని పరిశోధకులు, బి, డెల్టా రెండూ కాలేయ కణంలోకి దూరే తలుపు ఏదో కనుక్కున్నారు. ఆ తలుపును మూసే బులెవిర్టైడ్ అనే మందుకు ఐరోపాలో 2020లో షరతులతో, 2023లో పూర్తిగా అనుమతి లభించింది. రోజూ వేసుకోవలసిన ఆ సూది మన సామాన్య రోగికి అందే స్థితిలో లేదు, ఇది నేను ఒప్పుకుంటాను. కానీ హెపటైటిస్ సి మందులు కూడా ఒకప్పుడు అంతే. రోగులెందరో తెలిసి, వారు అడగగలిగినప్పుడు ధర దిగివచ్చింది. రోగులే లేరని లెక్క చూపే దేశానికి ఏ కంపెనీ మందు తెస్తుంది, ఏ ప్రభుత్వం కొంటుంది?

మందు అందని రోజుల్లో కూడా తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా ఉంది. డెల్టా ఉందని తెలిస్తే, వైరల్ లోడ్ తక్కువుందన్న ధైర్యంతో స్కానింగు వాయిదా వేయరు. ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకుంటూ, గడ్డ ఏదైనా వస్తే చిన్నదిగా ఉన్నప్పుడే పట్టుకుంటారు. మద్యం పూర్తిగా మానేస్తారు. ఇంట్లో బి ఉన్న మిగతావారు రేజర్లు, బ్రష్షులు, సూదుల విషయంలో మరింత జాగ్రత్త పడతారు, బి లేనివారు వెంటనే టీకా వేయించుకుంటారు. కలిసి భోంచేస్తే, ఒక గ్లాసుతో నీళ్లు తాగితే ఇది రాదని కూడా అప్పుడే తెలుస్తుంది, కంచం వేరు పెట్టే అవమానం తప్పుతుంది.

టీకా విషయంలో మనకు గర్వపడే హక్కు ఉంది. డెల్టాకు ప్రత్యేకంగా టీకా లేదు, అవసరమూ లేదు. బి టీకా వేయించుకున్న మనిషిలో ఆ చొక్కాయే తయారుకాదు కాబట్టి డెల్టాకు చోటు దొరకదు. విదేశీ టీకా ధర మధ్యతరగతికి కూడా భారమైన రోజుల్లో, వరప్రసాద్ రెడ్డి హైదరాబాదులో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలోనే మొదటి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో తయారైన) హెపటైటిస్ బి టీకాను చాలా తక్కువ ధరకు తెచ్చింది. 2011 నాటికి దేశమంతటా ప్రభుత్వ టీకాల పట్టికలో బి చేరింది. మా పిల్లలిద్దరికీ పుట్టిన రోజునే వేయించాము, ఇద్దరూ నెగటివ్. అయితే టీకా రాకముందు పుట్టిన మా తరం మొత్తం ఆ గీతకు ఇవతలే ఉండిపోయింది. ఇప్పటికే బి ఉన్నవారికి ఆ టీకా ఉపయోగపడదు. మా తరానికి మిగిలినది పరీక్ష ఒక్కటే.

2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఇది చిన్న విషయం కాదు, దానివల్ల బతికినవారిని నేను ఎరుగుదును. ఆ ఏర్పాటు మీదనే నా విన్నపం. బి పాజిటివ్ వచ్చిన నమూనా ఎలాగూ ప్రయోగశాలలో ఉంది. దాని మీద డెల్టా యాంటీబాడీలను పట్టే ఎలైజా పరీక్ష చేయాలి, అది పాజిటివ్ అయితే వైరస్ ఇప్పుడు ఉందో, వచ్చి పోయిందో తేల్చడానికి ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయాలి. రోగి మళ్లీ బస్సెక్కి రానక్కరలేదు, మళ్లీ సూది గుచ్చనక్కరలేదు. యూరప్ కాలేయ వైద్యుల సంఘం 2023లో బి ఉన్న ప్రతివారికీ కనీసం ఒకసారి డెల్టా పరీక్ష చేయాలని చెప్పింది, మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అందరికీ చేయడమే మేలైన పద్ధతి అంది.

నేను పోయిన సంవత్సరం చేయించుకున్నాను. డాక్టరుగారు చీటీ మీద "యాంటీ హెచ్‌డీవీ" (డెల్టా యాంటీబాడీ పరీక్ష) అని రాసిస్తే, మా పట్టణంలోని ల్యాబులో కౌంటరు దగ్గరి అమ్మాయి హెచ్‌బీవీ, అంటే బి వైరస్ అని రాయబోయి పొరపాటు రాశారేమో కనుక్కుని రమ్మంది. రెండోచోట అసలు లేదన్నారు. మూడోచోట నమూనా తీసుకుని హైదరాబాదు పంపించారు, ఎనిమిది రోజులకు ఫలితం వచ్చింది, నెగటివ్. ఆ కాగితం చూశాక నాకు ఊరట కలిగింది, దాని వెంటే కోపం కూడా వచ్చింది. చదువు, సంపాదన, అడిగే ధైర్యం ఉన్న నాకే మూడు ల్యాబులు తిరగవలసివస్తే, కౌంటరు దగ్గర ఒక్కసారి లేదంటే వెనక్కు తిరిగిపోయే మనిషి సంగతి ఏమిటి?

చెల్లెలు మొదట వద్దంది. "ఉందని తెలిస్తే ఏం చేస్తాం అన్నయ్యా, తెలియకుండా ఉంటేనే నిద్ర పడుతుంది" అంది. ఆ మాటకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆమె పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక కాగితం మీద రాసి, పక్కపక్కనే వైరల్ లోడ్, ఎస్‌జీపీటీ అంకెలు చూపించాను. పదకొండేళ్ల అంకెలు. చాలాసేపు చూసి, చీటీ ఇవ్వమంది. సోమవారం రక్తం ఇచ్చింది. ఈసారి హైదరాబాదు నుంచి రావడానికి పది రోజులు పడుతుందన్నారు.